కోనసీమ వాయువు: చట్టమునకు కానరాని పల్లె

చైతన్యపురియందు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట రాజమార్గపు ప్రక్కను కొంతసేపు నిలిచి చూచువారికి రెండు సంగతులు కంటబడును. మొదటిది, పెట్రోలు, గ్యాసు బంకుల ముందు బారులు తీరిన ఆటోలు. రెండవది, విజయవాడ మార్గమున పోవు రాత్రిబస్సులు. దిలుసుఖ్‌నగరు మొదలుకొని ఎల్.బి. నగరు వరకు అవి చోటచోట నిలిచి జనమును ఎక్కించుకొనును. వానిలో కొన్నిటి నుదుట అమలాపురమనియు, రాజోలనియు వ్రాసియుండును. ఆ బస్సు దిగువారు తెల్లవారుసరికి కాలుమోపు నేలక్రింద నున్నది, ఇచ్చట ఆటోను నడపుచు పొయ్యిలో మండుచున్న వాయువే.

కృష్ణా గోదావరుల ముఖభూములలో సహజవాయువును తీయుట ఆరంభమై చాలకాలమైనది. సముద్రగర్భమునందలి వాయువు గాడిమొగ వద్ద తీరము చేరుట 2009లో మొదలయ్యెను. దానిని కొనిపోవుటకై కాకినాడ నుండి గుజరాతులోని భరూచి వరకు ఇంచుమించు 1,400 కిలోమీటర్ల గొట్టపుదారి ఏర్పడినది. అది తెలంగాణము మీదుగానే పోవును. హైదరాబాదునకు వాయువును పంచు భాగ్యనగర్ గ్యాస్ సంస్థ అంతకుముందే, 2003లో, స్థాపింపబడినది. ఏ బావి వాయువు ఏ పొయ్యిలో మండుచున్నదో విడదీసి చెప్పుట ఎవరితరమును కాదు. గొట్టములో కలిసిన పిదప అన్ని ఊళ్ల వాయువును ఒక్కటియే. కాని దానిని నగరమున వాడుకొనువానికిని, పల్లెలో దానిపై కాపురముండువానికిని చట్టమొసగిన రక్షణ ఒక్కటి కాదు. ఈ వ్యత్యాసమును గూర్చియే నేడు వ్రాయబూనితిమి.

చైతన్యపురిలో ఒకడు క్రొత్తగా పెట్రోలుబంకు పెట్టదలచెననుకొందము. వానికి 1934 నాటి పెట్రోలియము చట్టము క్రింద లైసెన్సు కావలెను. తెల్లవారు చేసిన చట్టమైనను అది నేటికిని నిలిచియున్నది. అంతటితో తీరదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి 7న వెలువరించిన నియమముల ప్రకారము పాఠశాలకును, పది పడకలు గల ఆసుపత్రికిని, నివాసప్రదేశమునకును క్రొత్తబంకు 50 మీటర్ల దూరమున నుండవలెను. స్థలము చాలనిచోట అదనపు జాగ్రత్తలు తీసికొనవలెను. ఎట్టి పరిస్థితియందును దూరము 30 మీటర్లకు తగ్గరాదు. ఇంటింటికిని గొట్టముద్వారా వచ్చు వాయువు సంగతియు అట్టిదే. కారిన తక్షణమే గృహిణి పసిగట్టునట్లు దానియందు ఒక దుర్గంధద్రవ్యమును కలుపవలెనను నియమము కలదు. ఇవి మంచి నియమములు. వీనిని అమలుజరపుటలో లోపములున్నను, నగరవాసి అను వాడొకడు కలడనియు, వానికి ప్రాణము కలదనియు చట్టము గుర్తించినది.

ఇక ఆ రాత్రిబస్సు ఎక్కి కోనసీమకు పోవుదము.

1995 జనవరి 8న పాశర్లపూడి 19వ సంఖ్య గల బావిని దేవర్లంక వద్ద త్రవ్వుచుండగా వాయువు పట్టుదప్పి పైకి ఎగసి మంటలంటుకొనెను. ఆ మంట 65 దినములు మండినది. చుట్టుపట్ల పల్లెలు ఖాళీచేయింపబడినవి. అమెరికానుండి నిపుణులను రప్పించి మార్చి 15 నాటికి దానిని చల్లార్చగలిగిరి. ఆ రెండు నెలలును ఆ సీమవారికి రాత్రి యనునది లేకపోయెను. బ్లోఔటు అను ఆంగ్లపదము నాటినుండి కోనసీమలో ఇంటిలోని ముసలమ్మలు సయితము వాడు తెలుగుమాటయైపోయినది. భాష ఇట్లు పెరుగుట మేము కోరినది కాదు.

నగరము గ్రామమున జరిగినది ఇంతకంటె ఘోరము. రాష్ట్రవిభజన జరిగి నెల తిరుగకముందే, 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలములోని ఆ గ్రామమున గెయిల్ సంస్థవారి 18 అంగుళముల గొట్టము పగిలి వాయువు నేలబారున పరచుకొనినది. దూరప్రాంతములకు పోవు పెద్దగొట్టములలోని వాయువునకు, నగరములలో పంచు వాయువునకున్న హెచ్చరిక వాసన సాధారణముగా నుండదు. ఎచ్చటనో ఒక నిప్పురవ్వ తగిలినది. నిద్రలో నున్నవారును, అప్పుడే లేచి వాకిలి ఊడ్చుచున్నవారును, టీ కాచుకొనుచున్నవారును ఒక్క పెట్టున మంటలపాలైరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు నిలుచున్నవి నిలుచున్నట్లే మాడి మసియైనవి. పొడివాయువునకై నిర్మింపబడిన గొట్టములో నీరును ఇతర ద్రవములును కలిసిన తడివాయువును పంపుటచే లోపల లోహము తినివేయబడినదని పిమ్మటి విచారణలో తేలినది. అనగా ఆ చావులకు కారణము దైవికము కాదు. నీటిని వేరుచేయు యంత్రము ఉండవలసినచోట లేదు. లేదన్న సంగతిని చూడవలసినవారు చూడలేదు.

మృతుల కుటుంబములకు గెయిల్ సంస్థ 20 లక్షల రూపాయల చొప్పున ప్రకటించెను. ప్రభుత్వములును కొంత చేర్చినవి. ఈ మొత్తమును ఎక్స్‌గ్రేషియా యందురు. లాటిను భాషలో ఆ మాటకు దయచేత ఇచ్చునది యని అర్థము. ఇచ్చినవారిని మేము తప్పుపట్టుట లేదు. కాని అపకారము చేసినవాడు చెల్లించు సొమ్మునకు దయ యని పేరు పెట్టుట ఏ ధర్మశాస్త్రమందలి న్యాయము? ఢిల్లీ ఓలియం వాయువు వ్యాజ్యములో 1986లోనే సుప్రీముకోర్టు, అపాయకరమైన పరిశ్రమ నడపువాడు తన తప్పున్నను లేకున్నను నష్టమునకు పూర్తిగా బాధ్యుడని తీర్పు చెప్పినది. 2010 నాటి జాతీయ హరిత న్యాయస్థానపు చట్టమును ఈ సూత్రమునే అంగీకరించినది. హక్కు కలదు. అయితే దానిని అడుగవలసిన ధర్మాసనము చెన్నపురిలో నున్నది. రెక్కాడిన గాని డొక్కాడని నగరము కూలి చెన్నపురికి పోయి వకీలును పెట్టుకొనుట ఎట్లు? దయ యింటికి వచ్చును. హక్కునకై సముద్రతీరము వెంబడి పోవలెను.

మా వీధియందు కోనసీమనుండి వచ్చి స్థిరపడిన గృహస్థుడొకడు కలడు. ఊరిలో వానికి ఎకరమునకు మించని కొబ్బరితోట. దానినడుమ గొట్టమొకటి పోవుచున్నది. ఆ గొట్టపుదారిపై తన పొలములో తానే చెట్టు నాటరాదని వాడు చెప్పినప్పుడు మేము మొదట నమ్మలేదు. చట్టము తెరచి చూచితిమి. 1962 నాటి పెట్రోలియము, ఖనిజముల గొట్టపుదారుల చట్టము ప్రకారము ప్రభుత్వము భూమిని కొననక్కరలేదు. దానిని వాడుకొను హక్కును మాత్రము తీసికొనును. ఆక్షేపణ చెప్పుటకు 21 దినముల గడువు. పిదప ఆ భూమిపై రైతు ఇల్లు కట్టరాదు, నుయ్యి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. త్రవ్వకమువలన కలిగిన నష్టమునకు పరిహారము గాక, ఈ నిర్బంధమునకు ప్రతిగా ఆ చట్టము నిర్ణయించినది భూమి విలువలో నూటికి పది వంతులు. వరిపొలమునకు ఈ లెక్క కొంత సరిపోవునేమో. కొబ్బరితోటయే ఆధారమైన సీమలో చెట్టులేని భూమికి విలువ యేమి? పేరు రైతుది, పన్ను రైతుది, పది వంతుల పరిహారముతో నేల వాడుక మాత్రము కంపెనీది. గొట్టము శిథిలమైనదో లేదో తనకు తెలియజేయు బాధ్యత ఎవరికైనను కలదా యని ఆ గృహస్థుడు మమ్మడిగెను. అట్టి సంగతి ఆ చట్టములో మాకు కానరాలేదు.

భూమిలోని చమురును, వాయువును దేశపు సొత్తనుటలో మాకు విప్రతిపత్తి లేదు. స్వరాజ్యము వచ్చిన మరుసటి యేడే, 1948లో, చమురుక్షేత్రముల నియంత్రణమునకు మూలమైన చట్టము పుట్టినది. రాజ్యాంగపు ఏడవ అనుబంధమున కేంద్రజాబితాలో 53వ అంశముగా చమురుక్షేత్రములు చేర్చబడినవి. రాష్ట్రజాబితాలో గ్యాసు అను మాటయున్నది కదా యని గుజరాతు తనకొక చట్టము చేసికొనగా, 2004లో సుప్రీముకోర్టు సహజవాయువు కేంద్రముదే యని దానిని కొట్టివేసెను. 2010 మే 7న అంబానీ సోదరుల వ్యాజ్యములో ఆ న్యాయస్థానమే ఇంకొక మాట చెప్పినది: ఈ వాయువు ప్రజలది, ప్రభుత్వము దానికి ధర్మకర్త. మిక్కిలి మేలైన మాట. అన్నదమ్ములలో ఎవరికెంత, ఏ ధరకు అను తగవు తీర్చుటకు ఈ ధర్మకర్తృత్వ సిద్ధాంతము ఉపకరించినది. పాశర్లపూడి, నగరము గ్రామముల ప్రజలు ఆ ప్రజలలో చేరుదురా యన్న ప్రశ్న ఆ వ్యాజ్యములో ఎవరును వేయలేదు.

ఇచ్చట బొగ్గును వాయువుతో పోల్చి చూడవలెను. తెలంగాణమున సింగరేణి గనులున్నవి. బొగ్గు, ఇనుము, సున్నపురాయి మొదలగువానికి 1957 నాటి గనుల చట్టము వర్తించును. ఆ చట్టమును 2015లో సవరించి, గనులున్న ప్రతి జిల్లాలో ఖనిజనిధి నొకదానిని ఏర్పరచిరి. గని నడపువాడు రాయల్టీతోపాటు అందులో కొంతభాగమునకు సమానమైన సొమ్మును ఆ నిధికి కట్టితీరవలెను. దానిని గనులవలన బాధపడు ప్రజలకై వ్యయపరుపవలెను. నిధులు సక్రమముగా ఖర్చగుచున్నవా యన్నది వేరు సంగతి. కొత్తగూడెము పల్లెకు అడుగుటకొక హక్కు కలదు. ఆ 1957 చట్టమునందే ఖనిజమనగా చమురు, వాయువులు తప్ప తక్కినవన్నియు నని నిర్వచనము. ఆ ఒక్క మాటవలన ఖనిజనిధి కోనసీమ గడప తొక్కలేదు. అచ్చట పాఠశాలకు గదియో, ఊరికి మంచినీటి తొట్టియో కావలెనన్న, కంపెనీల చట్టము క్రింద లాభములో నూటికి రెండు వంతులు ఖర్చుచేయు సామాజిక బాధ్యతపద్దును చూపుదురు. అది ఏ ఊరికి పోవలెనో నిర్ణయించువారు కంపెనీవారే. ఊరివారు అర్జీదారులు. నేలలోనుండి నలుపు వచ్చిన నిధి, ఆవిరి వచ్చిన అర్జీ!

ఇంతమాత్రమున్న నోటిని గూడ ఇటీవల మూసిరి. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారము చమురు, వాయువుల అన్వేషణమునకై బావి త్రవ్వవలెనన్న, దానివలన కలుగు ఫలితములను ముందుగా పరిశోధించి నివేదిక వ్రాయవలెను. ఆ ఊరిలో బహిరంగముగా ప్రజాభిప్రాయము వినవలెను. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ దీనిని సవరించి, అన్వేషణపు బావులను బి2 యను తరగతిలోనికి దింపినది. ఆ తరగతికి ప్రభావ నివేదికయు అక్కరలేదు, ప్రజాభిప్రాయమును అక్కరలేదు. ఉత్పత్తి ఆరంభించునప్పుడు మాత్రము పాత నియమము వర్తించును.

దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు వంతులకు మించి విదేశములనుండి కొనుచున్నాము, జాప్యము తగ్గింపవలెను, అన్వేషణము తాత్కాలికమగు పని, వాయువు దొరకిన పిదప ఎటులైనను ప్రజలను అడుగుదుము: ఇది సవరణవాదుల తర్కము. మొదటి మాట నిజము. దానిని తేలికగా తీసివేయుటకు వీలులేదు. చివరి మాటకు పాశర్లపూడియే సమాధానము. అచ్చట బావి పేలినది ఉత్పత్తి దశలో కాదు, త్రవ్వుచుండగా. భూమిలో ఎంత ఒత్తిడి యున్నదో తెలియని దశయే అపాయకరమైన దశ. దొరకిన పిదప అడుగుదుమనుటలో ఇంకొక మెలికయు కలదు. కోట్లు వెచ్చించి, యంత్రములు దింపి, వాయువును కనుగొన్న తరువాత ఊరివారు వలదన్నచో వినువారెవరు? పెండ్లియైన పిదప పిల్లను అడుగుట వంటిది.

ఉత్పత్తి బావులయందు అంతయు సుభిక్షమని మేమనుట లేదు. అస్సాములోని బాఘ్‌జానులో 2020 మే 27న ఉత్పత్తి బావియే మరమ్మతు సమయమున పట్టుదప్పెను. జూన్ 9న మంటలంటుకొని ఇరువురు అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. దానిని పూర్తిగా మూయుటకు నవంబరు 15 వరకు పట్టినది. అన్వేషణపు బావులకు మినహాయింపు లభించిన యేడే ఇది జరిగినది.

1948 చట్టమును బాగుచేయుటకు 2025లో పార్లమెంటునకు ఒక సదవకాశము లభించెను. రాజ్యసభ 2024 డిసెంబరులోను, లోకసభ 2025 మార్చిలోను ఆమోదించిన సవరణలో పెట్టుబడిదారునికి కావలసిన స్థిరత్వమును గూర్చియు, లీజులను గూర్చియు, తగవుల పరిష్కారమును గూర్చియు విపులముగా చెప్పబడినది. నియమములను ఉల్లంఘించినవారికి ఆరునెలల ఖైదో వేయి రూపాయల జుర్మానాయో అని యున్న పాతశిక్షను తీసివేసి, 25 లక్షల రూపాయల వరకు అపరాధరుసుము విధించిరి. వేయి రూపాయల జుర్మానా హాస్యాస్పదమే గనుక ఈ మార్పును కొంతవరకు మెచ్చవచ్చును. ఖైదు పోయినది, సొమ్ము పెరిగినది. ఆ సొమ్ము సర్కారు ఖజానాకు చేరును. బావి ప్రక్కనున్న ఊరికై జిల్లానిధి యను మాటను ఆ సవరణలో చేర్పవలెనని ప్రభుత్వమునకు తోచలేదు. గోదావరి జిల్లాల సభ్యులకైనను తోచవలసినది.

2026 జనవరి 5న, సంక్రాంతి సమీపించుచుండగా, మలికిపురము మండలములోని ఇరుసుమండ వద్ద మోరి-5 బావినుండి వాయువు పైకెగసి మండినది. ప్రాణనష్టము లేదు. ఊరివారు పసిబిడ్డలతో ఇండ్లు విడిచిపోయిరి. మంట చల్లారుటకు కొన్ని దినములు పట్టెను. చైతన్యపురి, కొత్తపేటలనుండి పండుగకు పోవలసినవారు, ఊరికి రావచ్చునా వలదా యని ఇంటికి టెలిఫోనులు చేసికొనుచుండిరి.

ఢిల్లీలో చట్టములు మారువరకు చేయదగినది లేదని అమరావతివారు అనరాదు. బి2 తరగతి దరఖాస్తులను పరిశీలించునది రాష్ట్రస్థాయి సంఘమే. గాలి, నీటి చట్టముల క్రింద బావికి సమ్మతి నీయవలసినది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలియే. ఆ దరఖాస్తు ఎవరిది, బావి యెచ్చట, ఎంత లోతు, ఏ యింటికి ఎంత దూరము, గొట్టము ఏ సంవత్సరమున వేసినది, చివరిసారి ఎప్పుడు పరీక్షించిరి అను వివరములను తెలుగున అచ్చొత్తించి పంచాయతి కార్యాలయపు గోడకు అంటించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఒక కాగితము, కొంచెము జిగురు చాలును.