మీకు తెలుసా? వరద సాయానికీ ఓ కొలత ఉంది

పెనుగొండ అనగానే వాసవీ అమ్మవారు, సత్రాలు గుర్తొస్తాయి. అదే మండలంలో సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదారి పారుతుంది. పక్కన ఆచంట మండలంలో అయోధ్యలంక, మర్రిమూల లాంటి ఊళ్లకి వరదొస్తే పడవే దిక్కు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. గట్టు దాటి పునరావాస కేంద్రంలో అడుగుపెట్టాక వర్తించే అంకెలు మాత్రం ఎవరూ చెప్పరు. వాటిలో కొన్ని ఇవి.

● మనిషికి రోజుకి ఎన్ని నీళ్లు?

తాగడానికి, వండుకోవడానికి, ఒంటి శుభ్రతకి కలిపి కనీసం 15 లీటర్లు. మన ఇళ్లకొచ్చే వాటర్ టిన్నులో ముప్పావు వంతు. కుళాయి ఒక్కటైతే 250 మందికి మించకూడదు, చేతిపంపు అయితే 500 మందికి. అది అరకిలోమీటరు లోపే ఉండాలి, వరుసలో అరగంట కంటే ఎక్కువ నిలబెట్టకూడదు.

ఈ లెక్కలన్నీ ‘స్ఫియర్’ అనే పుస్తకంలో ఉన్నాయి. దాని పుట్టుక వెనక పెద్ద విషాదం ఉంది. 1994లో రువాండా మారణకాండ తర్వాత లక్షలాది మంది సరిహద్దు దాటి పక్క దేశంలోని గోమా చేరారు. అక్కడ కొద్ది వారాల్లోనే కలరా, విరేచనాలతో దాదాపు 50 వేల మంది పోయారు. సాయం చేసే సంస్థలు లేక కాదు, బోలెడన్ని ఉన్నాయి. ఎవరికి తోచినట్టు వాళ్లు చేశారు. ఆ అనుభవంతో 1997లో రెడ్‌క్రాస్ వాళ్లూ స్వచ్ఛంద సంస్థలూ కూర్చుని, ‘ఇంతకంటే తగ్గకూడదు’ అని రాసుకున్న కొలతలే ఇవి. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2018 నాటి కూర్పు.

● మన దగ్గర ఇది దయాధర్మం కాదు, చట్టం

విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 12వ సెక్షన్ చదవండి. శిబిరంలో నీడ, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం ఎంత ఉండాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పి తీరాలి. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు, ప్రాణనష్టానికి పరిహారం కూడా అందులోనే ఉన్నాయి. కోవిడ్‌తో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చిన 50 వేల రూపాయలు గుర్తున్నాయా? 2021లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ పట్టుకునే, పరిహారం ఎంతో తేల్చమని ఆ సంస్థను ఆదేశించింది.

● ఇరవై అడుగుల తరగతి గదిలో ఎంతమంది?

స్ఫియరూ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలూ ఇక్కడ ఒకే మాట మీద ఉన్నాయి: మనిషికి 3.5 చదరపు మీటర్లు. అడుగుల్లో చెప్పాలంటే సుమారు 38 చదరపు అడుగులు, రెండు నవారు మంచాలు పక్కపక్కన పట్టేంత జాగా. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న బడి గదిలో ఆ లెక్కన పదిమంది.

మరి జరిగేదేమిటి? బెంచీలు వరండాలోకి గెంటుతారు. గోడవారగా ఒక్కో ఇంటివాళ్లు ఓ దుప్పటి పరిచి హద్దు గీసుకుంటారు. తలదగ్గర ప్లాస్టిక్ కవర్లో ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం. ముసలాయన బీపీ మాత్రల డబ్బా చొక్కా జేబులో. చీకటిపడే వేళకి మరో రెండు పడవల మనుషులు దిగుతారు, దుప్పట్ల మధ్య దారి కూడా మిగలదు. ఆ పూట తహసీల్దారుని తిట్టడం తేలికే గానీ, ఆ పూటకి ఆయన చేతిలో ఉన్నది అదే బడి. ఏ ఊళ్లో ఎన్ని గదులు, ఎన్ని చదరపు అడుగులు, ఎంతమందికి సరిపోతాయి అన్న లెక్క ఎండాకాలం సెలవుల్లో టేపు పట్టుకుని వెయ్యాల్సింది. శిబిరాల చోట్లు ముందే గుర్తించి పెట్టుకోమని మార్గదర్శకాలూ అంటున్నాయి.

● మరుగుదొడ్ల దగ్గర ఆడవాళ్లదే పెద్ద వాటా

స్ఫియర్ ప్రకారం 20 మందికి ఒక మరుగుదొడ్డి. మగవాళ్లకి ఒకటి కడితే ఆడవాళ్లకి మూడు. లోపల గడియ పడాలి, దీపం వెలగాలి. మన జాతీయ లెక్కలో 30 మందికి ఒకటి. శిబిరాల్లో ఆడవాళ్లు సాయంత్రం నుంచీ మంచినీళ్లు తాగడం ఎందుకు తగ్గించేస్తారో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో డెల్టావాళ్లకి నవ్వొచ్చే నిబంధన కూడా ఒకటుంది. గుంట మరుగుదొడ్డి అడుగుభాగం భూగర్భ నీటిమట్టానికి మీటరున్నర పైన ఉండాలట! గోదారి పొంగినప్పుడు ఇక్కడ గునపం దిగితే నీళ్లే. నిబంధన తప్పు కాదు, మన నేలకి తగ్గట్టు ఎత్తు మీద కట్టుకోవాలన్న మాట.

● పాతిక కిలోల బియ్యం ఎన్నాళ్లొస్తాయి?

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు వరద బాధిత కుటుంబానికి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, పామాయిలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ప్రకటించారు. జాతీయ ప్రమాణం పెద్దవాళ్లకి రోజుకి 2,400 కేలరీలు, స్ఫియర్‌లో 2,100. కిలో బియ్యానికి 3,500 కేలరీలు వేసుకుంటే, నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి జాతీయ లెక్కన పాతిక కిలోలు తొమ్మిది రోజులు. అన్నం వరకూ ఫర్వాలేదు. కిలో కందిపప్పు తొమ్మిది రోజులకి సర్దాలంటే ఇల్లాలికే తెలియాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. అప్పటి సాయం మనిషికి వెయ్యి చొప్పున, కుటుంబానికి మహా అయితే 3 వేలు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి 600 పడుతుంది. పెద్ద కుటుంబం వాళ్లకి ఆకలి తక్కువని ఎవరు చెప్పారో!

● నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో అర నిమిషంలో తెలుస్తుంది

పంచాయతీ నీటి సిబ్బంది దగ్గర క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి కొన్ని చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. ఆ రంగుని పక్కనున్న పట్టీతో పోల్చి చూస్తారు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు మారకపోతే ఆ నీళ్లు కాచుకునే తాగాలి. మీ కళ్లెదుటే వేసి చూపించమని అడగొచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

● గేదెలకీ ప్రమాణాలున్నాయి

లంకల్లో చివరి పడవ దాకా కదలనివాళ్లు మొండివాళ్లని అంటుంటారు. కట్టుకొయ్య దగ్గర పాడిగేదెను వదిలేసి ఎలా వస్తారు? పొద్దున పాలకేంద్రంలో పోస్తేనే వారం చివర చిల్లర. పశువుల కోసమే 2009లో ‘లెగ్స్’ పేరుతో విడిగా పుస్తకం తెచ్చారు. దాన్ని స్ఫియర్‌కి తోడుపుస్తకంగా గుర్తించారు. మేత, నీళ్లు, వైద్యం, నీడ, అన్నిటికీ అందులో చోటుంది. ఎండుగడ్డి, దాణా గట్టు మీదికి ముందే చేరిస్తే మనుషుల్ని బతిమాలే పని సగం తగ్గుతుంది.

● అడిగిన వేళకి అన్నం

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. కులం, వేళ చూడకుండా వచ్చినవాళ్లందరికీ వండిపెట్టిన ఇల్లాలు. అవసరమే కొలతగా సాయం చెయ్యాలి, జాతీ మతమూ చూడకూడదు అని 1994లో రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు నియమావళి రాసుకున్నాయి. అప్పటికి ఆవిడ పోయి 85 ఏళ్లు.

● ఫిర్యాదు కూడా సాయంలో భాగమే

మానవతా సాయానికి మూలప్రమాణాలు 2014లో వచ్చాయి, 2024లో సవరించారు. మొత్తం తొమ్మిది హామీలు. అయిదోది: బాధితులు భయం లేకుండా ఫిర్యాదు చెయ్యగలగాలి, దానికి జవాబు రావాలి. ప్రాణాపాయమైతే 112కో, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ 1070కో ఫోన్ చేస్తారు, సరే. సరుకుల జాబితాలో పేరు లేకపోతే?

దానికి దారి చూపే పద్ధతి ఒకటి పంట నష్టం విషయంలో ఇప్పటికే ఉంది. నష్టం లెక్కింపు (ఎన్యూమరేషన్) అయ్యాక జాబితాను రైతు సేవా కేంద్రంలో అంటిస్తారు, సామాజిక తనిఖీ అంటారు దాన్ని. చూసి అభ్యంతరం చెప్పుకోవచ్చు, గడువు మాత్రం కొద్ది రోజులే. డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలు రైతులు. కౌలుదారు పేరు జాబితాకెక్కాలంటే సాగుదారు హక్కు కార్డు (సీసీఆర్‌సీ) కావాలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డుకి భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమానులు వెనకాడతారు. అందుకని మునిగిన చేను ఒకరిది, జాబితాలో పేరు హైదరాబాద్‌లో ఉండే ఆసామిది అయ్యే వీలుంది. జాబితా అంటించిన రోజే వెళ్లి ఫోన్లో ఫొటో తీసుకోండి. పేరు లేకపోతే అభ్యంతరం నోటితో చెప్పి రావద్దు, కాగితం మీద ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం పెట్టించుకోండి.