ఊపిరి తగ్గిన ఇంజను

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లన్నమాట. ఓపిక ఉన్నవారు మెట్లదారిన నడచి వెళ్తారు. నడవలేనివారు బండ్లలో కొండదారి పట్టుకొని పైకి చేరుతారు. ఆడికృత్తిక వచ్చిందంటే కావడి మోసే భక్తులతో ఊరంతా కిటకిటలాడుతుంది.

అటువంటి రోజున తిరువళ్ళూరు నుండి ఒక పాత పెట్రోలు టాక్సీ నలుగురు యాత్రికులతో బయలుదేరిందనుకుందాం. చదునైన రోడ్డు మీద అది బాగానే వచ్చింది. కొండదారి మొదటి మలుపు దగ్గర మాత్రం చతికిలబడింది. టాంకులో పెట్రోలు ఉంది. ప్లగ్గులో నిప్పురవ్వ పడుతోంది. అయినా బండిలో బలం లేదు. డ్రైవరు దిగులుగా మెకానిక్ షెడ్డుకు వచ్చాడు.

"ఇంజను మొత్తం విప్పాల్సిందేనా అన్నా?" అని అడిగాడు.

"తొందరపడకు నాయనా. ముందు దాని ఊపిరి చూద్దాం" అన్నాడు పెద్ద మెకానిక్.

ఇంజనుకు ఊపిరి ఏమిటి? విద్యార్థులారా, మీలో చాలామంది సైకిలు పంపుతో గాలి కొట్టి ఉంటారు. పంపు మూతిని బొటనవేలితో మూసి పిడిని నొక్కితే లోపలి గాలి వేలిని బలంగా తోస్తుంది. తోలు వాషరు ఎండిపోయి ఉంటే గాలి పక్కల నుండి జారిపోతుంది. అప్పుడు మనం పంపులో రెండు చుక్కల నూనె వేస్తాం. వాషరు మెత్తబడి గోడకు అతుక్కుంటుంది. పంపు మళ్ళీ పనిచేస్తుంది.

కారు ఇంజనులో జరిగేదీ ఇటువంటిదే. పిస్టన్ సిలిండరులోకి గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చుకుంటుంది. ఆ మిశ్రమాన్ని ఇరుకు చోటులోకి నొక్కుతుంది. నిప్పురవ్వ పడగానే అది మండి పిస్టన్‌ను బలంగా తోస్తుంది. చివరకు పొగ బయటికి పోతుంది. ఈ నాలుగు పనులలో రెండవదానిని సంపీడనం అంటారు. షెడ్డులో దీనినే కంప్రెషన్ అంటారు. మిశ్రమం గట్టిగా నొక్కబడితేనే మంట నుండి బలం పుడుతుంది. ఎక్కడైనా గాలి కారిపోతే బలమూ కారిపోతుంది.

మెకానిక్ ముందుగా పెట్రోలు రాకుండా, నిప్పురవ్వ పడకుండా చేశాడు. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రానికి పీడనమాపకం బిగించి, సెల్ఫ్ మోటారుతో ఇంజనును తిప్పించాడు. నాలుగు సిలిండర్లలో ముల్లు వరుసగా 11, 11, 5, 5 చూపింది. ఇవి చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్క. తర్వాత అతడు తక్కువ చూపిన సిలిండర్లలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలిచాడు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే, సైకిలు పంపులో వలెనే, ఆయిలు సందులు మూసి అంకె పెరిగేది. కాని అంకె పెరగలేదు. కాబట్టి రింగులు కారణం కాదు. పక్కపక్కనే ఉన్న రెండు గదులు కలిసి నష్టపోయాయి. అప్పుడు ఆ రెండింటి మధ్యనున్న గోడను అనుమానించాలి. హెడ్డు విప్పి చూస్తే మూడు, నాలుగు సిలిండర్ల నడుమ గాస్కెట్ కాలి ఉంది. కొత్త గాస్కెట్ వేయగానే బండి కొండ ఎక్కింది. కొలవకుండా ఇంజను మొత్తం విప్పి ఉంటే ఆ డ్రైవరుకు ఎన్నో రోజుల సంపాదన పోయేది.

తిరువళ్ళూరు ప్రాంతానికి కార్లు కొత్త కావు. 1998లో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ జపాన్ దేశపు మిత్సుబిషి సంస్థతో కలిసి ఇక్కడ లాన్సర్ కార్ల తయారీ మొదలుపెట్టింది. వాటిలోనూ పిస్టన్ ఇంజనులే ఉండేవి. అయితే పిస్టన్ లేని ఇంజను కూడా ఒకటి ఉంది. దానిని రోటరీ ఇంజను అంటారు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ దీనిని రూపొందించాడు. మొదటి నమూనా 1957లో నడిచింది.

ఇందులో సిలిండరుకు బదులు నడుము కొద్దిగా నొక్కుకున్న కోడిగుడ్డు వంటి గది ఉంటుంది. దానిలో భుజాలు ఉబ్బిన త్రికోణం వంటి రోటర్ తిరుగుతుంది. రోటరుకు, గది గోడకు నడుమ మూడు అరలు ఏర్పడతాయి. రోటర్ ఒక చుట్టు తిరిగే లోపల ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. మూడు అరలూ ఒకదాని తర్వాత ఒకటి గాలిని నొక్కుతాయి. రోటర్ మూడు కొనలలో మూడు సన్నని పట్టీలు ఉంటాయి. వాటిని అపెక్స్ సీలులు అంటారు. రోటర్ పక్క ముఖాలలో సైడు సీలులు ఉంటాయి. గాలి కారకుండా కాపాడేవి ఇవే.

జపాన్‌లోని మజ్దా సంస్థ ఈ ఇంజనును పట్టుదలతో అభివృద్ధి చేసింది. తొలి రోజులలో అపెక్స్ సీలులు అదిరి గది గోడపై గీతలు పడేవి. ఆ ఇంజనీర్లు వాటిని దయ్యపు గోళ్ళ గీతలు అనేవారు. కెనిచి యమమోతో నాయకత్వంలో ఆ చిక్కును పరిష్కరించి, 1967లో కాస్మో స్పోర్ట్ కారును విపణిలోకి తెచ్చారు. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో మజ్దా రోటరీ కారు గెలిచింది.

ఈ ఇంజను ఊపిరిని కొలవడంలో ఒక మెలకువ ఉంది. మామూలు మాపకంలో ఉండే చిన్న వాల్వు, వచ్చిన పీడనాలలో అన్నిటికంటే ఎక్కువైనదానినే పట్టి నిలుపుతుంది. మూడు అరలలో ఒకటి బాగుంటే చాలు, అది మిగిలిన రెండింటి లోపాన్ని కప్పివేస్తుంది. అందుచేత ఆ వాల్వు తీసివేసి ముల్లు ఎగిరిపడే తీరును చూడాలి. మూడు ఎగుళ్ళూ సమానంగా, బలంగా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. ఒక్కటే తగ్గితే ఆ ముఖపు సైడు సీలును అనుమానించాలి. వరుసగా రెండు తగ్గి ఒకటి బలంగా ఉంటే, ఆ రెండు అరల నడుమనున్న అపెక్స్ సీలును అనుమానించాలి. ఎందుకంటే ఒక్కొక్క అపెక్స్ సీలు రెండు అరలకు ఉమ్మడి గోడ. తిరుత్తణి టాక్సీ గాస్కెట్ చెప్పిన పాఠమే ఇక్కడా వర్తించింది!

మూడూ తగ్గితే అంతా అరిగిందని వెంటనే తీర్పు చెప్పరాదు. మజ్దా ఆర్‌ఎక్స్-8 కారులో ఇంజను నిమిషానికి 250 చుట్లు తిరుగుతున్నప్పుడు కనీసం సుమారు 6.9 కిలోల పీడనం ఉండాలి. ఒకే రోటరులోని మూడు అరల మధ్య తేడా సుమారు 1.5 కిలోలకు మించరాదు. బాటరీ బలహీనపడి ఇంజను మెల్లగా తిరిగితే అంకెలు వాటంతట అవే తగ్గుతాయి. పెట్రోలు ఎక్కువై సీలుల మీది ఆయిలును కడిగివేసినా తగ్గుతాయి. బాటరీ చార్జి చేసి, తడి ఆరబెట్టి, కాస్త ఆయిలు పోసి మళ్ళీ కొలవాలి. అప్పుడు కూడా తగ్గితేనే ఇంజను విప్పాలి.

మంచి వైద్యుడు కత్తి పట్టే ముందు నాడి పట్టి చూస్తాడు. మంచి మెకానిక్ స్పానరు పట్టే ముందు ఊపిరి కొలుస్తాడు. కంటికి కనిపించని లోపాన్ని అంకెలతో కనుక్కోవడం, ఒక్క అంకెనే నమ్మక రెండవసారి పరీక్షించడం, ఒక్కొక్క అనుమానాన్నీ తీసివేస్తూ పోవడం శాస్త్రీయ దృష్టికి లక్షణాలు. అవి ప్రయోగశాలలోనే కాదు, రోడ్డు పక్క షెడ్డులోనూ కనిపిస్తాయి. ఈసారి మీ ఊరి షెడ్డు ముందు నుండి వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి.