ఇల్లు విడిచిన స్త్రీ - ఆమె ఆస్తి

కృష్ణాజిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి వంటి గ్రామములలో ఆలుమగల తగవు కోర్టుకంటె ముందు పెద్దమనుషుల యెదుటికి వచ్చును. "తానే ఇల్లు విడిచి పోయినది, ఇక ఆమెకు హక్కేమున్నది?" అను మాట అచ్చట వినవచ్చును. ఈ మాట చట్టమునకు నిలువదు. గడప దాటినంత మాత్రమున స్త్రీ ఆస్తి పోదు.

పెండ్లిలో ఉభయుల వారు ఆమెకిచ్చిన నగలు, వెండి, పాత్రసామగ్రి స్త్రీధనము. అవి భర్త ఇంట నున్నను ఆమెవే యని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అడిగినపుడు ఈయకుండుట నేరము కాగలదు.

పసుపు కుంకుమల క్రింద కుమార్తెకు పొలమిచ్చుట మన డెల్టాలో పాత ఆచారము. అయితే స్థిరాస్తి దానమునకు రిజిస్టరైన పత్రము కావలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. నోటిమాటతో ఇచ్చినది తగవు వచ్చిన నాడు చిక్కు తెచ్చును. తానీషా ప్రభువు దానమిచ్చెనని ప్రతీతిగల కూచిపూడి వారికి దానపత్రపు విలువ మేము చెప్పవలెనా! ఆమె పేర రిజిస్టరైన పొలమును భర్త సాగుచేయుచున్నను అది ఆమెదే.

ఇక ఇల్లు. కాపురమున్న ఇల్లు భర్తదైనను, అత్తమామలదైనను, అందు నివసించు హక్కును 2005 నాటి గృహహింస చట్టము భార్యకిచ్చినది. ఇది నివాసపు హక్కే గాని యాజమాన్యము కాదు. విడాకులైనచో భర్త ఆస్తిలో సగము వచ్చునను నమ్మకము కూడ తప్పే. 1955 హిందూ వివాహ చట్టము ప్రకారము కోర్టు భరణము నిర్ణయించును. అవసరమైనచో దానిని భర్త స్థిరాస్తిపై భారముగా నుంచును.

భరణమునకు బదులు భూమి వ్రాసి, "బ్రతికినంత కాలము అనుభవించవలెను, అమ్మరాదు" అని షరతు పెట్టుట కలదు. ఆంధ్రకు చెందిన తులశమ్మ యను వితంతువు కేసులో, అట్టి భూమిపై ఆమెకు సంపూర్ణ హక్కు కలదని 1977లో సుప్రీంకోర్టు తేల్చినది.

కావున "ఇక రావలసినది ఏమియు లేదు" అను కాగితముపై ఆమెచేత వ్రేలిముద్ర వేయించుటకు ముందు పంచాయతీ సభ్యులు ఒక్క క్షణ మాగవలెను. ఏ నగ ఎవరి యొద్ద నున్నదో, ఏ పత్రము ఎవరి పేర నున్నదో జాబితా వ్రాయించి, ఇరువురికి చెరియొక ప్రతి ఈయవలెను. విడాకులిచ్చు అధికారము గ్రామ పంచాయతీకి లేదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము కలదు. అందుకు మచిలీపట్నములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చును.