తనంతట నిలుచు తోట : దాని నమర్చు క్రమము



మన సంఘ సభ్యులలో నొకరు, మూడెకరముల ఎఱ్ఱగరప మెట్ట గలవారు, మూడవ బోరుబావికై ఋణము కోరుచు దరఖాస్తు వ్రాసికొని నాకడకు వచ్చిరి. మొదటి బోరు రెండేండ్లు నీరిచ్చి యెండిపోయినది. రెండవదానిలో దుమ్ము తప్ప మఱేమియు రాలేదు. ఆ రెంటి యప్పు ఇంకను తీఱలేదు. "నీళ్లుంటే తోట పెట్టడం నాకు చేతగాదా, అయ్యా?" అని వారడిగిరి. నేను వెంటనే బదులు చెప్పక, వారి పొలముపై ఏటేట బడు వాన యెంతయో ఆ దరఖాస్తు వెనుకనే లెక్క వేసి చూపితిని.

ఎకరము నేలపై ఒక్క అంగుళము వాన కురిసినచో అది ఇంచుమించు 1,02,800 లీటర్ల నీరగును. తెలుగుదేశమున మిక్కిలి తక్కువ వాన గల అనంతపురపు సీమలో సయితము సగటున ఏటికి 550 మిల్లీమీటర్లు పడును. ఆ లెక్కను ఎకరమునకు 22 లక్షల లీటర్లు, మూడెకరములకు 66 లక్షల లీటర్లు. ఇందులో ఎంత భాగము మన నేలలో నిలుచుచున్నది? పెద్దవాన కురిసిన మఱునాడు వాగులో పాఱు నీటి రంగును చూడుడు. ఆ యెఱుపు మన పొలముల పైమన్నే. పైనుండి ఊరక వచ్చిన నీటిని మన్నుతో సహా సాగనంపి, నేలలోపలి నీటికై అప్పు చేయుచున్నాము.

ఈ విషయమును శాస్త్రముగా గూర్చినవారు ఆస్ట్రేలియా దేశమునకు జెందిన టాస్మేనియా ద్వీపములోని బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అను నిరువురు. ఒకరు బోధకులు, రెండవవారు విద్యార్థి. వీరి మొదటి గ్రంథము 1978లో వెలువడెను. శాశ్వత వ్యవసాయమను నర్థము వచ్చు రెండు ఇంగ్లీషు మాటలను గలిపి దీనికి 'పర్మాకల్చరు' అని పేరిడిరి. అడవికి ఎవరును ఎరువు వేయరు, నీరు కట్టరు. అయినను అది నిలుచుచున్నది. ఆ నిలుచు విధమును గమనించి, మనకు కూడును కాసును ఇచ్చు చెట్లతో అట్టి కూర్పును చేయవచ్చునని వారి భావము. దీనిని నేర్పుటకు 72 గంటల పాఠక్రమము ప్రపంచమంతటను వాడుకలో నున్నది. 2017 నవంబరులో ఈ పద్ధతివారి అంతర్జాతీయ సభ మన హైదరాబాదులోను, పిదప జహీరాబాదు చెంత బిడకన్నె గ్రామములోను జరిగెను. ఆ ప్రాంతపు స్త్రీలు మెట్టచేలలో పదికి పైగా పంటలను గలిపి విత్తుట ఎఱిగినవారికి ఇందులో కొన్ని సంగతులు కొత్తవిగా దోచవు.

పుస్తకములలోని బొమ్మలను జూచి యట్లే చేయరాదు. అవి పెక్కు చలిదేశముల తోటలు. మన తోటకు మన పొలమే పాఠ్యగ్రంథము. కావున మొదట చేయవలసినది గుంట త్రవ్వుట గాదు, పటము గీయుట. ఒక పెద్ద కాగితముపై పొలపు హద్దులు, ఇల్లు, బావి, ఉన్న చెట్లు గుర్తింపుడు. వాన నీరు ఏ మూలనుండి ప్రవేశించి ఏ మూలను వెడలునో, వేసవి వడగాలి ఏ దిక్కునుండి వీచునో, మధ్యాహ్నపు టెండ ఎచ్చట తీక్ష్ణమో, నిప్పు రాదగిన వైపు ఏదో గీతలు గీయుడు. వీలైనచో నొక యేడాది చూచి గీయుట మేలు. నేనును ఆ సభ్యుడును గీసిన పటమును వారి భార్య చూచి, "మేకలు వచ్చే దారి ఏదయ్యా ఇందులో?" అని యడిగినది. మా యిద్దఱకును అది తోచనే లేదు. ఆ దారిన వాక్కాయ, కిత్తనార కలిపి కంచెగా నాటవలెనని అప్పుడు నిశ్చయించితిమి.

పిదప ఏది ఎచ్చట నుండవలెను? మనిషి అడుగు ఎన్నిసార్లు పడునో దానినిబట్టి. ప్రతిదినము కోయు కూరాకు, కరివేపాకు, మిరప వంటింటి గడపకు దాపున. కోళ్లు, నిమ్మ, మునగ ఆ పైన. కంది, జొన్న, మామిడి అంతకు దూరమున. వంటచెఱకు, పచ్చిరొట్ట చెట్లు అవతల. చివఱ నొక మూలను పక్షులకును తేనెటీగలకును విడిచిపెట్టవలెను. గిన్నెలు కడిగిన నీరు పోవుచోట ఆఱడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంట తీసి, చెత్తాకుతో నింపి, చుట్టును అరటి, బొప్పాయి, చేమ నాటినచో ఆ మురుగే తోటయగును.

ఇక నీటి సంగతి. ఇందు నేను కొంత విరివిగా వ్రాసెదను, ఏలయన నేను తప్పు చేసినది ఇచ్చటనే. కొన్నియేండ్ల క్రిందట వేఱొక గ్రామములో ఒక రైతుచే వాలునకు అడ్డముగా కందకము త్రవ్వించితిని. మట్టము చూడక కంటి అంచనాతో గీత గీచితిని. ఒక కొన మూరెడు పల్లమైనది. ఆ రాత్రి వానకు కందకపు నీరంతయు ఆ కొనకు జేరి, కట్ట తెగి, క్రింది పొలములో అప్పుడే విత్తిన వేరుసెనగను ఊడ్చివైచెను. విత్తనపు వెలలో సగము నేను ఇచ్చుకొంటిని. ఆ రెండు కుటుంబముల నడుమ మాటలు మాత్రము నేటికిని లేవు.

మట్టము చూచుటకు దొడ్డ యంత్రము లక్కఱలేదు. ఏడడుగుల సమానమైన కఱ్ఱలు రెంటిని పైన గలిపి కట్టి, నడుమ అడ్డకఱ్ఱ బిగించినచో ఇంగ్లీషులోని 'ఏ' అక్షరమువలె నగును. పై ముడినుండి త్రాట రాయి వ్రేలగట్టుడు. నేలపై నిలిపి, త్రాడు అడ్డకఱ్ఱను దాకిన చోట గుర్తిడుడు. రెండు కాళ్లను తారుమారు చేసి అవే తావులలో నిలిపి మఱల గుర్తిడుడు. రెండు గుర్తుల నడిమి చోటే మట్టము. నేను చదివిన మిషను బడిలో రేఖాగణితము నాకు విసుగు పుట్టించెడిది. ఈ చట్రము చేసిననాడు దానిపై గౌరవము కలిగినది. ఇక ఒక కాలిని నిలిపి, రెండవ కాలిని త్రాడు నడిమి గుర్తునకు వచ్చువఱకు జరిపి మేకు పాతుచు సాగవలెను. ఆ మేకుల వరుసయే కందకపు దారి.

కందకము రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, నూఱడుగుల పొడవైనచో ఒక్కసారికి 8,500 లీటర్ల నీరు పట్టును. తీసిన మన్ను పల్లపు వైపున కట్టగా వేయుడు. మిగులు నీరు పోవుటకు రాళ్లు పఱచిన అలుగు ఒకటి తప్పక విడువవలెను. ఆ అలుగు పొరుగువాని చేనిలోనికి గాక పాత నీటిదారిలోనికి దిగవలెను. నల్లరేగడిలో మాత్రము ఈ పని చేయకుడు. అచ్చట నీరు నిలిచి వేళ్లు కుళ్లును, ఎండకు కట్ట నెఱ్ఱెలు విచ్చి తెగును. ఆ నేలకు నీటిని మెల్లగా నడిపించు స్వల్పపు వాలు గల కాలువలే తగినవి.

కట్టపై గిరిపుష్పపు కొమ్మలు, కంది, అవిసె నాటుడు. ఇవి కాయజాతివగుటచే వీని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. వానకాలమున కొమ్మలు నఱికి ఆకును మామిడి, సీతాఫలపు మొక్కల మొదళ్ల గప్పినచో తేమ ఆఱదు, కలుపు లేవదు, ఆకు చివికి ఎరువగును. నేలను ఎన్నడును దిగంబరముగా విడువరాదు. ఉలవయో, అలసందయో కప్పియుండవలెను.

తనంతట నిలుచునన్న మాటను విని పని యుండదని తలపకుడు. మొదటి మూడేండ్లు పని హెచ్చు, పండ్ల రాబడి సున్న. అందువలన మూడెకరములనొక్కసారి మార్పక, తిండిగింజల పంటను విడువక, ఒక యెకరముతో నారంభించుడని ఆ సభ్యునకు జెప్పితిని. వాన లేని యేట ఏ కందకమును నీరు పుట్టింపజాలదని కూడ జెప్పితిని.

వారు బోరు దరఖాస్తును వెనుకకు దీసికొని, ఎకరపు కందకములకును మొక్కలకును చిన్న ఋణము కోరియున్నారు. మేకులు పాతుట ముగిసినది. ఆ మట్టపు చట్రము ఇప్పుడు సంఘ కార్యాలయపు వసారాలో నున్నది. కావలసిన సభ్యులు పుస్తకములో సంతకము చేసి రెండు దినములకు గొనిపోవచ్చును. త్రాడు తెగినచో కొత్తది కట్టి, గుర్తులు మఱల సరిచూచి తిరిగి యిండు.