ఇల్లాలి వేళకు వచ్చు బడి



బనగానపల్లె యనగానే మీకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. 2017వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని మా యూరికి మఱియొక ప్రసిద్ధి కలదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు ఈ యూర గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పసులను కాచుచు, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసిరని మా పెద్దలు చెప్పుదురు. తాను కాపరి యనుకొన్నవాడు జ్ఞాని యని తెలిసిన నాడు ఆ యిల్లాలు సిగ్గుపడలేదట. ఆయననే గురువుగా నెంచి యుపదేశము పొందినదట. సంసారభారము మోయుచున్న స్త్రీ, వయస్సు వచ్చిన పిమ్మట, తన యింటియొద్దనే విద్యార్థిని యైనది. ఈ కథలో మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొక్కటే: ఆమె గురువును వెదకుచు పోలేదు, గురువే యామె యున్న చోటికి వచ్చెను.

వయస్సు వచ్చిన స్త్రీల చదువును గూర్చియు, చేతిపని శిక్షణమును గూర్చియు నేడు రెండు మాటలు మీతో ముచ్చటింపదలచితిమి. ఇందుకు కారణము మా వీధిలోని యొక సోదరి.

ఆమె భర్తకు నాపరాళ్ల గనిలో పని. నడుమునొప్పి పట్టి ఆయన పనిదినములు సగమైనవి. అప్పు డామె యొక శిక్షణ కేంద్రమున మూడు మాసములు కుట్టుపని నేర్చి, యోగ్యతాపత్రమును చేతబట్టుకొని వచ్చి, వాయిదాల మీద మిషను కొన్నది. కుట్టు చక్కనిది, కత్తిరింపు మఱియు చక్కనిది. వీధివీధియంతయు ఆమెకే రవికలు ఇచ్చుచుండెను. అయినను ఆఱు మాసములు గడవకముందే మిషను అమ్మివేయుదునని మా యింటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నది.

లోప మెక్కడనని మే మామెతో కూర్చుండి లెక్క వేసితిమి. లైనింగు రవికకు ఆమె పుచ్చుకొనుచున్నది 150 రూపాయలు. లైనింగు గుడ్డకు 60, దారమునకును హుక్కులకును 15. మిషను వాయిదా నెలకు 1,200. నెలకు కుట్టునవి 20 రవికలు. కావున ఒక్కొక్క రవిక మీద వాయిదా భారము 60 రూపాయలు. మొత్తము 135. పూటంతయు కన్నులు కాయలు కాచునట్లు కుట్టినందుకు మిగులునది 15 రూపాయలు! ఇది చాలక, అరువులన్నియు గోడమీద బొగ్గుగీతలే. ఏ గీత యెవరిదో గోడకు సున్నము వేసిన నాటినుండి ఎవరికిని తెలియదు. ఆమె చేతికి కొలతటేపు నిచ్చిరి గాని లెక్కపుస్తకము నీయరైరి.

నాటినుండి నలుబది దినములు, రాత్రి భోజనములైన పిమ్మట, మా యరుగుమీద ఆమెకు కూడికలు, తీసివేతలు, జమాఖర్చు వ్రాయుట చెప్పితిమి. ఆమె కుట్టుకూలి 200 రూపాయలు చేసినది. మొదట నలుగురు గొణిగిరి. ఆమె పుస్తకము తెఱచి ఖర్చు చూపగా మాఱు పలుకక ఇచ్చిరి. మిషను నిలిచినది.

ఒకనా డామె, “అక్కా, భారతము చదివినదానవు, లెక్కలు ఇంత బాగుగా చెప్పుదువు. ఏదైన బడిలో పని చేయరాదా?” యని యడిగినది. ఆ ప్రశ్న మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. మేము బడిగడప త్రొక్కి యెఱుగము. మా తాతగారు అమరము వల్లింపజేసి, కవిత్రయ భారతము, పోతన భాగవతము, వసుచరిత్రము వఱకు ఇంటనే చెప్పిరి. కొన్నియేండ్ల క్రిందట నొక చిన్న పాఠశాలవారు తెలుగు చెప్పువారు కావలెననగా మా వారు మమ్ము వెంటబెట్టుకొని పోయిరి. మేము పద్యము చదివి యర్థము చెప్పగా విని వారు మెచ్చుకొనిరి. పిదప, “పదవ తరగతి కాగిత మేది?” యని యడిగిరి. వారి తప్పు లేదు, నియమము నియమమే. మేము తలవంచుకొని యింటికి వచ్చితిమి.

చూచితిరా, ఒకే వీధిలో నిద్దఱు స్త్రీలు. ఆమెకు కాగితము గలదు, లెక్క లేదు. మాకు చదువు గలదు, కాగితము లేదు. వయస్సు వచ్చిన స్త్రీకి విద్య గఱపువారు చేతిపని, అక్షరగణితములు, యోగ్యతాపత్రము అను మూడింటిని ఒక్క త్రాట ముడివేయవలెను. ఏ యొక్కటి జాఱినను తక్కినవి అక్కఱకు రావు.

ఈ సంగతి మన పూర్వు లెఱుగనిది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల తెఱచిరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారును, లక్ష్మీబాయమ్మగారును గుంటూరున శారదానికేతనమును నెలకొల్పి, స్త్రీలకు చదువుతోబాటు చేతిపనులను కూడ నేర్పించిరి. ఇక దుర్గాబాయమ్మగారి మాట చెప్పవలెనా! 1909లో రాజమహేంద్రవరమున జనించి, బాల్యవివాహబంధమును త్రెంచుకొని, కాకినాడలో చిన్నతనముననే హిందీ పాఠశాల నడపి, స్వాతంత్ర్యసమరమున చెఱసాలలకు పోయివచ్చిన యామె, బడిచదువు లేకయే కాశీ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషను పరీక్షకు స్వయముగా చదివి కృతార్థురాలైరి. తాను నడచిన దారినే తక్కినవారిని నడపింపదలచి 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో విడిచిన స్త్రీలను ఆ పరీక్షకే సిద్ధము చేయించిరి.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా దానికి దుర్గాబాయమ్మగారే మొదటి యధ్యక్షురాలు. ఆ బోర్డు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించినది. పిల్లలు పలుయేండ్లు చదువు చదువును ఇల్లాలికి సుమారు రెండేండ్లలో చెప్పి పరీక్షకు పంపుట దాని పద్ధతి. ఇది సాధ్యమా యని కొందఱ సంశయము. సంతలో బేరమాడి, పాలలెక్క వేసి, పిల్లల జ్వరములకు మందుమోతాదు కొలిచిన స్త్రీకి లోకము ముందే తెలియును. ఆమెకు కావలసినది ఆ తెలివికి అక్షరరూపము మాత్రమే. అందుచేతనే యేండ్లు కుదించుటకు వీలయ్యెను.

పరదేశములందును ఇట్టి యత్నములే జరిగినవి. 1844లో డెన్మార్కున రోడింగను గ్రామమందు కర్షకుల కొఱకు జానపద పాఠశాల వెలసినది. పిదప నా దేశమందు వ్యాపించిన యిట్టి బడులు, పొలముపని లేని శీతకాలమున యువకులకును, వేసవిలో యువతులకును పాఠములు చెప్పెడివి. పని మానుకొని బడికి రమ్మనలేదు. పనిని చూచి బడివేళను నిర్ణయించిరి. అమెరికాలో 1901లో జోలియెట్ పట్టణమున మొదలైన చిన్నకళాశాల మార్గమున కమ్యూనిటీ కాలేజీలు వందలకొలది లేచినవి. స్థానికుల వృత్తులకు తగిన శిక్షణము, పెద్దలకు రాత్రి తరగతులు, ఊరివారి యవసరమును బట్టి పాఠ్యక్రమము వాని లక్షణములు. మన దేశమున 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయమువారును, 1996లో మద్రాసునను ఇట్టి కళాశాలల నారంభించిరి. 2013లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు ఉన్న కళాశాలలలోనే వీనిని నడపుటకు పథకము వేసిరి.

పెద్ద కళాశాల లేని పల్లెపడుచుకు గతి యేమందురా? మూడు త్రోవలు కలవు. మొదటిది గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. దీని బీజము 1982లో కర్ణాటకమునందలి ఉజిరెలో ధర్మస్థల క్షేత్రమువారును, రెండు బ్యాంకులవారును కలసి నాటినది. నేడు జిల్లాలలో బ్యాంకులు నడపుచున్నవి. శిక్షణమును భోజనవసతులును ఉచితము. అంతకన్న ముఖ్యముగా, పని నేర్చి యింటికి పోయినవారిని రెండేండ్లవఱకు కనిపెట్టి చూచుటయు, బ్యాంకు ఋణము దొరకునట్లు చేయుటయు వారి నియమములలో నున్నది. రెండవది జనశిక్షణ సంస్థాన్. ఇది 1967లో బొంబాయిలోని వర్లీయందు శ్రామిక విద్యాపీఠముగా పుట్టి, 2000లో ఈ పేరు దాల్చినది. అక్షరము రానివారును, బడి మానినవారును ఇందు చేరవచ్చును. మూడవది 1991లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము. ప్రతిదినము బడికి పోకయే పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. ఉత్తీర్ణమైన పాఠ్యాంశమును అట్లే నిలుపుకొని, తక్కినవానిని తరువాత వ్రాయవచ్చును.

చేరుటకు ముందు సోదరీమణులు కొన్ని ప్రశ్నలు నిర్భయముగా నడుగవలెను. ఇచ్చు పత్రము నెవరు చెల్లుబాటు చేయుదురు? లెక్కలు వ్రాయుటయు, ధర కట్టుటయు నేర్పుదురా? ముడిసరకు ఎక్కడ దొరకును, చేసిన సరకు నెవరు కొందురు? శిక్షణము ముగిసిన పిమ్మట మా గుమ్మమునకు వచ్చి చూచువా రెవరు? వీనికి సమాధానము చెప్పలేని చోట మూడు మాసములు వ్యర్థము చేయకుడు.

నిర్వాహకులకును మా విన్నపము కలదు. ఉదయము పది గంటలకు తరగతి పెట్టి, స్త్రీలు రాలేదని నిందింపకుడు. మా యిండ్లలో మధ్యాహ్న భోజనములైన పిదప, పిల్లలు బడినుండి వచ్చులోపల రెండు గంటలు మావి. మామిడి కోతల నెలలలో కూలికి పోవు స్త్రీలు రాజాలరు. ఆ నెలలు విడిచిపెట్టుడు. చంటిబిడ్డను పండుకొనబెట్టుటకు ఊయెల యొకటి కట్టుడు. ఇవి చిన్న మాటలే. కాని స్త్రీలు మధ్యలో మానుట యెక్కువగా వీనివలననే.

అక్షరము వచ్చిన స్త్రీ కేవలము కూలి పెంచుకొని యూరకుండదు. 1990 మొదలు నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచుండగా, రాత్రిబడి వాచకమున నొక స్త్రీ కథ చదివి, అది తమ కథయే యని గ్రహించి, దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ యలజడి జిల్లాయంతయు, పిదప రాష్ట్రమంతయు వ్యాపింపగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. మూడు పాఠముల పలుకుబడి యట్టిది!

“ముప్పది దాటిన పిమ్మట చదు వేల?” అనువారు మన యిండ్లలోనే యున్నారు. మాకును ఆ బెదురు కలదు. అయినను ఈ యేడు పదవ తరగతికి పేరు వ్రాయించుకొంటిమి. తెలుగు మాకు భయము లేదు. గణితము మా వారు చెప్పుచున్నారు. విజ్ఞానశాస్త్రము మాత్రము కొండవలె నున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా కుమారుడు గురువై, తప్పు చెప్పినపుడు తన తండ్రివలెనే కనుబొమలు ముడుచుచున్నాడు! వీధిసోదరి యిప్పుడు ఇద్దఱు బాలికలకు కుట్టుతోబాటు లెక్కపుస్తకము కూడ నేర్పుచున్నది.

ఈ సంగతి మా యత్తగారికి చెప్పుటకు నాలుగు దినములు జంకితిమి. తుదకు చెప్పగా ఆమె కొంతసే పూరకుండి, “భారతము దీపము కడ కూర్చుండి నాకు చదివి వినిపించితివి కదా. ఇకమీదట ఆ వేళకు నీ చదువు నీవు చదువుకొనుము. పొయ్యి నేను చూచుకొందును” అనిరి. సోదరీమణులారా, ప్రభుత్వము తెఱచిన తలుపు లెన్ని యున్నను, ఇంటిలోనుండి తెఱవవలసిన గడియ యొకటి యున్నది. మీ యింట దానిని తీయగలవారు మీరే యైనచో, నేడే తీయుడు.