పాఠం మీకోసం ఆగుతుందా?

"ఆన్‌లైన్ కోర్సులో చేరాను. రెండు పాఠాలయ్యాక ఏమీ ఎక్కలేదు. నాకింక చదువు రాదులే!"

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో గృహిణుల నోట నేను తరచూ వినే మాటిది. పదితోనో, ఇంటర్‌తోనో చదువు ఆగిపోయి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు వీళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరాస్యులు సుమారు సగం మందే. అలాంటిచోట ఒక తల్లి చదువు మానేస్తే అది చిన్న నష్టమా? లోపం ఆమె బుర్రలో లేదు... పాఠం నడకలో ఉందంటాను నేను.

2020 సెప్టెంబరులో తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో వచ్చినప్పుడు చూశాం కదా! పిల్లలకు అర్థమైనా, కాకపోయినా టీవీ పాఠం సాగిపోయేది. చాలా ఆన్‌లైన్ కోర్సులూ అంతే. కానీ నేర్చుకునేవారిని బట్టి నడక మార్చుకునేవీ ఉన్నాయి. వాటినే 'అడాప్టివ్' కోర్సులంటారు.

అకౌంట్స్ పాఠమే తీసుకోండి. ఇలాంటి కోర్సు ముందుగా చిన్న పరీక్ష పెట్టి మీకేం వచ్చో చూస్తుంది. డెబిట్, క్రెడిట్ దగ్గర తడబడితే ముందుకు తొయ్యదు. కిరాణా పద్దులాంటి తేలిక లెక్కతో మళ్లీ చెబుతుంది. వచ్చిన పాఠాన్ని దాటేయనిస్తుంది. గద్వాల నేతలో నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసినట్టు, తెలిసినదానికి తెలియనిదాన్ని కలుపుతుందన్నమాట.

ఢిల్లీలో 2015లో 'మైండ్‌స్పార్క్' అనే ఇలాంటి పద్ధతిని కార్తీక్ మురళీధరన్ బృందం పరిశీలించింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఎవరి స్థాయి నుంచి వాళ్లకు చెబితే, నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మిగతా పిల్లలకంటే ఎక్కువ నేర్చుకున్నారు. అయితే ఆ కేంద్రాల్లో కంప్యూటరుతోపాటు దగ్గరుండి చెప్పే మనుషులూ ఉన్నారు. అది మరిచిపోకూడదు!

అందుకే ఫీజు కట్టేముందు అడగండి: మొదట పరీక్ష ఉందా? తప్పు చేస్తే ఎందుకు తప్పో చెబుతారా? తెలుగులో వివరణ ఉందా? సందేహం తీర్చే మనిషి ఉన్నారా?

కేంద్ర ప్రభుత్వ 'స్వయం'లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. అక్కడి పాఠం తనంతట తాను నడక మార్చుకోకపోతే ఆ పని మీరే చెయ్యొచ్చు. వీడియో ఆపండి, వేగం తగ్గించండి, మళ్లీ వినండి. పక్కింటావిడను కూడా చేర్చుకుని ఒకరికొకరు చెప్పుకోండి.

నాలుగుసార్లు వింటే తప్పేముంది? అయిదోసారికి అర్థమైనా అది మీ చదువే!