పోలికా, చుట్టరికమా?

జీవుల చుట్టరికాన్ని ఎముకలను బట్టే కాక, జీవక్రియను బట్టి కూడా పరిశీలించవచ్చు. విటమిన్-సి ఇందుకు మంచి ఉదాహరణ. మేక, కుక్క, ఎలుక తమ కాలేయంలో గ్లూకోజు నుంచి దీన్ని తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు. ఆహారంలో అది అందకపోతే స్కర్వీ వ్యాధి వస్తుంది. ఈ తయారీలో చివరి మెట్టుకు అవసరమైన ఎంజైము మనకు లేదు. కాని దాని జన్యువు శిథిలరూపంలో మనలో మిగిలే వుందని జపాను శాస్త్రజ్ఞులు 1994లో చూపారు. అగ్రకులమైనా, అంటరాని కులమన్నదైనా మనుషులందరిలో వున్నది ఆ శిథిలమే. చింపాంజీకీ, కోతికీ ఇదే లోపం. ఉమ్మడి పూర్వీకులకు జరిగిన నష్టం వారసులందరికీ సంక్రమించింది.

అయితే గినీపిగ్‌కు కూడా ఈ శక్తి లేదు. దానికి స్కర్వీ వస్తుందని 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ నిరూపించారు. అంతమాత్రాన అది మనకు దగ్గరి చుట్టం కాదు. దానికి దగ్గరిదైన ఎలుకా, మనకు దగ్గరిదైన లీమరూ విటమిన్‌ను తయారు చేసుకుంటూనే వున్నాయి. అంటే ఒకే నష్టం రెండుచోట్ల విడివిడిగా జరిగింది. ఆహారంలో విటమిన్ పుష్కలంగా దొరికినచోట ఎంజైము పోయినా బతుకు ఆగదు.

జీవశాస్త్ర సూత్రాలు సాహిత్యానికి యథాతథంగా వర్తించవు. కాని ఈ పద్ధతి నుంచి విమర్శకుడు నేర్చుకోవలసింది వుంది. రెండు రచనల్లో పోలిక కనిపించగానే ‘ప్రభావం’, ‘అనుకరణ’ అని తీర్పు చెప్పేస్తున్నాం. ఒకే రకం భౌతిక పరిస్థితులు వేర్వేరు చోట్ల ఒకే ఫలితాన్ని ఇవ్వవచ్చు. పోలిక దగ్గర ఆగకుండా, ఇరుగుపొరుగు రచనలను కూడా పరిశీలించి, అది పుట్టిన చరిత్రను తేల్చినప్పుడే విమర్శ శాస్త్రీయమవుతుంది.